వచ్చిన రోజే నొక్కండి

తిరుత్తణి బస్టాండు పక్క సందులో నాకొక జెరాక్సు షాపు ఉంది. జెరాక్సు, స్పైరల్ బైండింగు, లామినేషను, పెళ్ళి పత్రికలు, ఆడికృత్తిక పండగకు కావడి సంఘాల రసీదు పుస్తకాలు, ఏది తెచ్చినా కాదనను. వచ్చినవాళ్ళు కూర్చోవడానికి ఒక స్టూలు వేసి పెట్టాను. సందులో అందరూ దాని మీద కూర్చున్నవాళ్ళే. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా కూర్చోనిది మా మరదలు నిత్య ఒక్కతే.

నిత్య నా భార్య లక్ష్మీప్రియకు చెల్లెలు. నిలబడే మాట్లాడుతుంది, నిలబడే టీ తాగుతుంది. ప్రింటు వస్తున్నంతసేపూ గుమ్మానికీ మెషీనుకూ మధ్య తిరుగుతూనే ఉంటుంది. "కూర్చో పాపా, నిన్ను చూస్తే నాకు తల తిరగతా ఉండాది" అంటే, "కండ్లు మూసుకో బావా" అంటుంది. నాకు చిరాకొస్తుంది. ఆమె వెళ్ళిపోయాక షాపు బోసిగా ఉందనీ అనిపిస్తుంది. రెండూ నిజమే.

ఆమె చేసే పనేమిటో మా బంధువులకు నేను ఇంతవరకూ సరిగ్గా చెప్పలేకపోయాను. కంపెనీలు లెక్కలు చూసుకోవడానికి సాఫ్ట్‌వేర్లు ఉంటాయి కదా. లోన్లు, వడ్డీలు, జీతాలు, పన్నులు. వాటిని వాడేవాళ్ళకు ఏ బటన్ ఎప్పుడు నొక్కాలో, నొక్కితే ఏమవుతుందో, పొరపాటున నొక్కితే ఎలా వెనక్కి రావాలో చెప్పే పుస్తకాలు నిత్య రాస్తుంది. ఇంట్లో కూర్చునే, అంటే ఇంట్లో తిరుగుతూనే రాస్తుంది. ఆమె అత్తగారు కుప్పమ్మ వీధిలో అందరికీ "మా కోడలు టైపు కొడతాది" అని చెప్పుకుంటుంది. పెళ్ళిళ్ళలో నన్నెవరైనా అడిగితే "బుక్కులు రాస్తాది" అంటాను. "ఏం బుక్కులు, కథలా?" అంటారు. "కాదు, వడ్డీ బుక్కులు" అంటే ఇంకేమీ అడగరు.

పెళ్ళికి ముందు చెన్నైలో ఒక కంపెనీలో ఇదే పని చేసేది. పొద్దున కరెంటు రైలెక్కితే మళ్ళీ దీపాలు పెట్టే వేళకు కొంప చేరడం. ఆ రైళ్ళలో తిరిగీ తిరిగీ ఒళ్ళు హూనమై మానేసింది. సొంతంగా మొదలుపెట్టింది. రైలైతే మానేసింది కానీ ఆ పరుగు మాత్రం ఒంట్లోంచి పోలేదు. నెల జీతం లేదు, వచ్చే నెల పని ఉంటుందో లేదో తెలియదు. సెల్లు మోగితే ఉలిక్కిపడుతుంది. మోగకపోతే ఇంకా ఎక్కువ ఉలిక్కిపడుతుంది.

ఆమె పని చేసే పద్ధతి ఒకటి చెప్పాలి. ఒక పాఠం రాయగానే లాప్‌టాప్ చంకన పెట్టుకుని నా షాపుకొస్తుంది. సాఫ్ట్‌వేర్ తెరిచి నా ముందు పెడుతుంది. తను రాసింది పైకి చదువుతుంది, నేను విన్నది విన్నట్టు చేయాలి. సొంత తెలివి వాడకూడదు. నా చెయ్యి ఎక్కడైనా ఒక్క క్షణం ఆగిందా, "ఆగినావు! యాడ ఆగినావు బావా?" అని ఆ వాక్యం కింద గీత గీస్తుంది. నన్నేమీ అనదు, వాక్యాన్నే తిడుతుంది. ఒక వాక్యంలో ఒకే పని ఉండాలి, రెండు పెడితే మనిషి మొదటిది చేసి రెండోది మరిచిపోతాడు. అది ఆమె శాసనం. చదివినవాళ్ళు ఎవరూ ఫోన్ చేసి సందేహం అడగకపోవడమే ఆమెకు బహుమానం.

ఆ పుస్తకాలన్నీ నేనే బైండింగు చేస్తాను. ఏ పుస్తకంలోనూ ఆమె పేరు ఉండదు. చివరి పేజీలో 'డాక్యుమెంటేషన్ టీమ్' అని మాత్రం ఉంటుంది. మొదటిసారి చూసినప్పుడు "టీము యాడుంది?" అని అడిగాను. నిత్య తనను చూపించి, తర్వాత నన్ను చూపించింది. నేను కూడా టీములో ఉన్నానని అప్పటిదాకా నాకు తెలియదు.

ఇక జరిగిన సంగతి.

తిరువళ్ళూరులో ప్రాంతీయ ఆఫీసు పెట్టుకుని, పళ్ళిపట్టు దాకా చిన్న చిన్న బ్రాంచీలు నడిపే ఫైనాన్స్ కంపెనీ ఒకటి ఉంది. ఆడవాళ్ళ పొదుపు గుంపులకు లోన్లిస్తుంది. పేరు ఎందుకులెండి. ఆ ఫైనాన్స్ వాళ్ళకు చెన్నైలోని ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ లెక్కల సాఫ్ట్‌వేర్ చేసిచ్చింది. ఆ సాఫ్ట్‌వేర్ కంపెనీ మేనేజరు ఆనందరాజ్ నిత్యకు పనిచ్చేవాడు. నిత్య ఇంటి ఖర్చులో సగానికి పైగా ఆయన పని మీదే నడిచేది. పుస్తకం నిత్య రాసింది, నీలం అట్టతో నేను బైండు చేశాను. సాఫ్ట్‌వేర్ కొత్తగా పెట్టినప్పుడు పళ్ళిపట్టు బ్రాంచికి వెళ్ళి శిక్షణ ఇచ్చింది కూడా నిత్యే.

అందులో ఒక పద్ధతి ఉంది. గుంపులోని ఆడమనిషి లోను అడిగితే బ్రాంచి వాళ్ళు కంప్యూటర్లో పైకి పంపుతారు. పై ఆఫీసు ఒప్పుకుంటే స్క్రీన్ మీద ఆకుపచ్చ గుర్తు వస్తుంది. ఆ రోజే డబ్బు ఇచ్చి 'చెల్లించాం' అనే బటన్ నొక్కాలి. ఆఫీసు మూసేలోపల నొక్కకపోతే అది రద్దయిపోతుంది, మళ్ళీ మొదటినుంచి అడుక్కోవాలి. పుస్తకం తమిళంలో ఉంది, ఎందుకంటే మా వైపు మాట తెలుగైనా చదువు తమిళమే. నిత్య రాసిన వాక్యాన్ని తెలుగులో చెప్తే ఇలా ఉంటుంది: 'ఆమోదం వచ్చిన రోజే డబ్బు చెల్లించి, చెల్లించాం బటన్ నొక్కండి.' నా మీద పరీక్ష పెట్టినప్పుడు నా చెయ్యి ఆ వాక్యం దగ్గర ఆగలేదు.

ఒక సోమవారం పొద్దున నేను షట్టరు ఎత్తేసరికే నిత్య సందులో నిలబడి ఉంది. ముఖం పాలిపోయి ఉంది.

"బావా, పళ్ళిపట్టు చంద్రావతక్కను సస్పెండు చేసినారు."

చంద్రావతి ఆ బ్రాంచిలో క్యాషియరు. అత్తిమంజేరిపేట ఆమె. శిక్షణకు వెళ్ళినప్పుడు నిత్యకు ఇంటినుంచి పెరుగన్నం తెచ్చి పెట్టిందని విన్నాను.

"ఎందుకంట?"

"శుక్రవారం సాయంత్రం ఆడిటరు చెప్పకుండా వచ్చినాడంట. కంప్యూటర్లో లోన్లన్నీ ఇచ్చేసినట్ల ఉండాది. పెట్టె తెరిస్తే దుడ్డు అట్లే ఉండాది. ఆడోళ్ళ సంతకాలు లేవు. కంపెనీ దుడ్డు యాడో తిప్పుకుంటా ఉందని రాసేసినాడు."

నేను నవ్వాను. తప్పే, కానీ నవ్వొచ్చింది. "శుక్రవారం దుడ్డు ఎవురిస్తారు పాపా?"

"అదే గదా బావా నేనూ అనేది!" అని నిత్య అరిచింది. టీ కొట్టువాడు తల తిప్పి చూశాడు.

తెలియనివాళ్ళ కోసం చెప్తున్నాను. మా వైపు శుక్రవారం డబ్బు గడప దాటదు. దీపాలు పెట్టాక ఏ రోజైనా దాటదు. ఇది ఎవరూ ఎవరికీ నేర్పరు. నాకు పేపరు బండిళ్ళు వేసే ఆరుముగం శుక్రవారం సరుకు దించినా డబ్బు అడగడు. నేనూ ఆ రోజే కంప్యూటర్లో 'ఇచ్చేశాను' అని పెట్టేసి, శనివారం పొద్దున చేతిలో పెడతాను. మధ్యలో ఒక రాత్రి ఆ డబ్బు నా గల్లాలో ఉన్నా అది ఆరుముగానిదే. ఇద్దరికీ తెలుసు. చంద్రావతి చేసింది కూడా అంతే. శుక్రవారం ఆకుపచ్చ గుర్తు వస్తే రద్దు కాకుండా బటన్ నొక్కేది, శనివారం పొద్దున డబ్బిచ్చి సంతకం తీసుకునేది. లోను తీసుకునే ఆడవాళ్ళు కూడా శుక్రవారం వచ్చి నిలబడేవాళ్ళు కాదు. ఇచ్చేవాళ్ళకూ తీసుకునేవాళ్ళకూ ఇబ్బంది లేదు. ఆడిటరు ఎక్కడినుంచి వచ్చాడో కానీ, అతనికి స్క్రీను, పెట్టె రెండే కనిపించాయి.

"సరే, ఆయమ్మ చెప్పుకుంటాది. నువ్వెందుకు ఇట్ల అవతా ఉండావు?" అన్నాను.

నిత్య మెషీను దగ్గరికి పోయింది, మళ్ళీ గుమ్మం దగ్గరికి వచ్చింది.

"ట్రైనింగులో అక్క నన్ను అడిగింది బావా. 'శుక్రవారం వస్తే ఏమి చేసేది?' అనింది. నాకు టక్కున అర్థమైంది. 'వచ్చిన రోజే నొక్కేయండక్కా, లేకుంటే పోతాది' అన్నాను. దుడ్డు మర్నాడు ఇస్తారని నాకు తెలుసు. ఆమెకూ తెలుసు. ఇంగ చెప్పేదేముంది అనుకున్నాను. బుక్కులో రాయల్యా."

అప్పుడర్థమైంది నాకు. బయటి ఊరి మనిషి శిక్షణ ఇచ్చి ఉంటే 'శుక్రవారమైతే ఏమిటి?' అని ఎదురడిగేది. విషయం బయటపడేది, పుస్తకంలోకి ఎక్కేది. మన మనిషి కాబట్టే అడగలేదు, రాయలేదు. ఇప్పుడు ఆ ఫైనాన్స్ వాళ్ళు నిత్య పుస్తకంలో పేజీ తెరిచి, ఇదిగో డబ్బు చెల్లించి నొక్కమని స్పష్టంగా ఉంది, చెల్లించకుండా నొక్కావంటే దొంగతనమే అంటున్నారు. ఆమె రాసిన వాక్యమే చంద్రావతి మీద సాక్ష్యంగా నిలబడింది.

"ఒక వాక్యంలో రెండు పనులు పెట్టినాను బావా," అంది నిత్య. "చెల్లించేది ఒకటి, నొక్కేది ఒకటి. ఎప్పుడూ పెట్టను. అక్కడ పెట్టినాను."

దానికి తోడు ఆనందరాజ్ నుంచి మెయిలు వచ్చింది. వచ్చే శుక్రవారం తిరువళ్ళూరు ఆఫీసులో విచారణ. శిక్షణ అంతా పుస్తకంలో ఉన్నట్టే ఇచ్చామని నిత్య ఒక కాగితం రాసివ్వాలి. అలా రాసిస్తే సాఫ్ట్‌వేర్ కంపెనీకి మచ్చ ఉండదు, నిత్యకు పని పోదు. చంద్రావతి పని మాత్రం పోతుంది.

ఆ రెండు రోజులు నిత్య ఎక్కడా కాలు నిలపలేదు. మా ఇంటికొస్తుంది, అక్కతో ఏదో మొదలుపెడుతుంది, మధ్యలో లేచి వెళ్ళిపోతుంది. పొయ్యి మీద పాలు పొంగిస్తుంది. ఆమె భర్త విఘ్నేష్ నాకు ఫోన్ చేసి "అన్నా, ఈమె ఇంట్లో నడిచీ నడిచీ టైల్సు అరిగిపోతా ఉండాయి, నువ్వే ఏదో ఒకటి చెప్పు" అన్నాడు. నేను చెప్పేదేముంది? బుధవారం షాపుకు బీగం వేసి, బండి తీసి, "ఎక్కు, పళ్ళిపట్టు పక్క పోయొస్తాము" అన్నాను.

చంద్రావతి ఇల్లు అత్తిమంజేరిపేటలో మెయిన్‌రోడ్డుకు లోపలగా ఉంది. వాకిట్లో వేరుశనక్కాయలు ఎండబోసి ఉన్నాయి. మమ్మల్ని చూడగానే ఆమె కొంగు సర్దుకుని, గబగబా కుర్చీలు వేసింది. నిత్యను "మేడం" అని పిలిచింది. మజ్జిగ ఇచ్చింది. 

"కొళాయి దగ్గరికి పోయేదే మానేసినాను మేడం," అంది. "ఎవురూ ఏమీ అనరు. నేను పోతే మాత్రం మాటలు ఆపేస్తారు. అనేసినా పరవాలేదు. ఆ ఆపేది ఉండాదే, అదే తట్టుకోలేకుండా ఉండాను. మా ఆయప్ప పొలంకాడికి పోతే, 'దుడ్డు యాడ దాచినారు' అని ఎగతాళి చేస్తారంట."

"ఆడిటరు అడిగితే ఏమి చెప్పినారక్కా?" అని నిత్య అడిగింది. నిలబడే ఉంది.

"ఉన్నది చెప్పినాను. శుక్రవారం దుడ్డు ఇయ్యము, బటన్ నొక్కకుంటే ఆడోళ్ళకు లోను పోతాది, అందుకని నొక్కినాను అని. 'బుక్కులో అట్ల లేదు గదా, నీకు ఎవురు చెప్పినారు?' అన్నారు."

"నా పేరు చెప్పినారా?"

చంద్రావతి ఆమె ముఖంలోకి చూసింది. "లేదు పాపా," అంది. 'మేడం' పోయి 'పాప' ఎప్పుడొచ్చిందో ఆమెకే తెలియలేదు. "నాకే తోచింది, నేనే చేసినాను అని చెప్పినాను. నీది కూడా పర్మనెంటు పని కాదు గదా. సుమ్మా ఊరికే నిన్ను దేనికి లాగేది? నాకెట్లాగూ పోయింది."

నిత్య మజ్జిగ గ్లాసు కింద పెట్టేసి వాకిట్లోకి వెళ్ళిపోయింది. వేరుశనక్కాయల చుట్టూ తిరిగింది. తిరిగీ తిరిగీ ఒకచోట ఆగి ఏడ్చింది.  ఏం మనిషి ఈ చంద్రావతి! దొంగ అన్న మాట నెత్తిన పడినా, తాను పెరుగన్నం పెట్టిన పిల్లకు అన్యాయం కాకూడదనుకుంటుంది.

 తిరిగి షాపుకు రాగానే నిత్య లాప్‌టాప్ నా బల్ల మీద పెట్టి, నిలబడే టైపు చేసింది. నేను భుజం మీదుగా చదివాను. 'పాఠం ఏడు, సవరణ' అని మొదలైంది.

'ఆమోదం వచ్చిన రోజే చెల్లించాం బటన్ నొక్కండి. ఈ ప్రాంతంలో శుక్రవారం గానీ, ఏ రోజైనా దీపాలు పెట్టిన తర్వాత గానీ డబ్బు చెల్లించరు. అలాంటప్పుడు మరుసటి ఉదయం చెల్లించండి. అప్పుడు సంతకం తీసుకోండి. శిక్షణలో నేను ఇలాగే చెప్పాను. బ్రాంచి వారు ఇలాగే చేశారు. పుస్తకంలో రాయకపోవడం రాసినవారి పొరపాటు.'

నాకు కోపం వచ్చింది. నిజం చెప్తున్నాను, చాలా కోపం వచ్చింది. "నీ పొట్ట మీద నువ్వే కొట్టుకుంటావా? ఆయమ్మే నీ పేరు చెప్పలేదు. నువ్వు పోయి మెడ ముందుకు పెడతావు. దుడ్డు పోలేదు, వెనకటి శనివారాల సంతకాలు అన్నీ ఉండాయి. నాలుగు దినాలు పోతే ఆళ్ళే మళ్ళా పిలుస్తారు."

"పిలవకుంటే?"

 అప్పుడే ఆనందరాజ్ ఫోన్ చేశాడు. స్పీకరు పెట్టింది. ఆయన చెడ్డవాడు కాదు. మర్యాదగా, మెల్లగా తమిళంలో మాట్లాడాడు. మీరు ఈ సవరణ ఇస్తే తప్పు మా కంపెనీదవుతుంది, ఆ ఫైనాన్స్ వాళ్ళతో ఒప్పందమే పోవచ్చు, అప్పుడు వచ్చే వెర్షను పుస్తకం మీకివ్వమని నేను పైవాళ్ళను ఎలా అడగను, ఆలోచించుకోండి అన్నాడు. "ఆలోచించినాను సార్" అని నిత్య కూడా తమిళంలోనే మర్యాదగా చెప్పింది. ఫోను పెట్టేసింది. "భయంగా ఉండాది బావా" అంది. ప్రింటు బటన్ మాత్రం నొక్కింది.  మంచి మందం కాగితం పెట్టి తీశాను.

శుక్రవారం పొద్దున ఇద్దరం రైల్లో తిరువళ్ళూరు వెళ్ళాం. అరక్కోణం దాటినా నిత్య తలుపు దగ్గరే నిలబడింది. బోగీ సగం ఖాళీగా ఉంది, అయినా సరే. కడంబత్తూరులో పూలబుట్టలవాళ్ళు ఎక్కి ఆమెను లోపలికి తోసేశారు, మళ్ళీ తలుపు దగ్గరికే వచ్చింది. చంద్రావతి మాకంటే ముందే చేరింది. ఆఫీసు మెట్ల కింద గోడకానుకుని నిలబడి ఉంది. నిత్య ఆమెకు కాగితం సంగతి చెప్పలేదు.

విచారణ చేసే ఆఫీసరు పేరు నటరాజ్. నెరిసిన మీసం, నుదుట విభూతి. బల్ల మీద నీలం అట్ట పుస్తకం ఉంది. నా బైండింగే. నన్ను బయట కూర్చోమన్నారు కానీ తలుపు తెరిచే ఉంది, అన్నీ వినబడ్డాయి, సగం కనబడ్డాయి కూడా.

ఆయన పుస్తకం తెరిచి ఆ వాక్యం పైకి చదివాడు. "ఇందులో ఏమైనా అర్థం కానిది ఉందా అమ్మా?" అని చంద్రావతిని అడిగాడు. ఆమె లేదంది. ఇంతలో టీ కొట్టు ముసలాయన గ్లాసులు పట్టుకుని వచ్చాడు. అందరికీ ఇచ్చి, ఖాళీ ట్రే పట్టుకుని వెళ్ళిపోయాడు. డబ్బు అడగలేదు, ఎవరూ ఇవ్వలేదు.

"సార్, టీ దుడ్డు?" అని నిత్య అడిగింది.

"రేపు తీసుకుంటాడు. ఈరోజు..." అని నటరాజ్ మధ్యలో ఆగాడు. ఆ ఆగడం నాకు బయటినుంచే వినబడింది. వాక్యం కింద గీత గీసే చెయ్యి నిత్యది, ఆమె వదులుతుందా? "టీ ఖర్చుకు ఓచరు ఈరోజు రాస్తారా సార్, రేపు రాస్తారా?" అంది.

ఆయన నవ్వేశాడు. చంద్రావతిని వెంటనే వదిలేశాడనుకోకండి. "అమ్మా, టీ వేరు, కంపెనీ క్యాషు వేరు," అన్నాడు. "మా ఇంట్లోనూ శుక్రవారం ఇవ్వరు. అది నాకూ తెలుసు. కానీ పై ఆఫీసుకు నేను చూపించాల్సింది ఈ పుస్తకం. ఇందులో ఉన్నదే రూలు. నోటిమాట నేను రాసుకోలేను."

అప్పుడు నిత్య కాగితం తీసి బల్ల మీద పెట్టింది. ఆయన చదివాడు. మళ్ళీ చదివాడు. చంద్రావతి మెడ సాచి చూసింది. ఆమెకూ అక్షరాలు అందాయి. "ఇదేంది పాపా, వద్దు" అని నిత్య చెయ్యి పట్టుకుంది. నిత్య విడిపించుకోలేదు, కాగితమూ వెనక్కి తీసుకోలేదు.

"ఎవరు రాసింది ఇది? కింద డాక్యుమెంటేషన్ టీమ్ అని ఉంది," అన్నాడు నటరాజ్. "టీముకు నేను ఉత్తరం రాయలేను. మనిషి పేరు కావాలి. సంతకం కావాలి."

"నేనే సార్ టీము" అని నిత్య పెన్ను తీసుకుంది. టీము అన్న మాట కొట్టేసింది. దాని పక్కన తన పేరు పూర్తిగా, ఇంటిపేరుతో సహా రాసి, సంతకం పెట్టింది. ఆమె పని గురించి ఇన్నేళ్ళలో నాకు కలగని గర్వం ఆ క్షణం కలిగింది. ఆ వెంటనే దిగులు కూడా పుట్టింది, వచ్చే నెల ఈ పిల్ల ఏం చేస్తుంది అని.

చంద్రావతిని ఒక హెచ్చరిక కాగితంతో మళ్ళీ పనిలోకి తీసుకున్నారు. ఆనందరాజ్ నుంచి ఆ తర్వాత నిత్యకు మెయిలు రాలేదు. తిట్టలేదు, వద్దనీ చెప్పలేదు. పని ఇవ్వడం మానేశాడు, అంతే. నిత్య చాలా రోజులు సెల్లు చేతిలో పట్టుకుని తిరిగింది. తర్వాత వేలూరు వైపు ఒక జీతాల సాఫ్ట్‌వేర్ పని దొరికింది, సగం డబ్బుకు. కుప్పమ్మ మాత్రం వీధిలో ఇంకా "టైపు కొడతాది" అనే చెప్పుకుంటోంది.

కొన్నాళ్ళకు ఆ ఫైనాన్స్ వాళ్ళ కొత్త పుస్తకం ఒకటి, వేరే ఎవరో రాసింది, బైండింగుకు నా దగ్గరికే వచ్చింది. నిత్య అప్పుడు షాపులోనే ఉంది. పేజీలు తిప్పి పాఠం ఏడు తీసింది. స్క్రీను బొమ్మలో 'చెల్లించాం' బటన్ పక్కన కొత్తగా ఒక గడి ఉంది: 'డబ్బు చేతికిచ్చిన తేదీ'. నొక్కడం ఒకటి, ఇవ్వడం ఒకటి. రెండూ విడిపోయాయి. చివరి పేజీలో యథాప్రకారం టీము ఉంది. నిత్య ఆ గడి మీద వేలు పెట్టి చూసి, పుస్తకం మూసేసింది.

మొన్న పళ్ళిపట్టులో ఒక పెళ్ళి పత్రిక ఆర్డరు ఉంటే వెళ్ళి, బ్రాంచిలోకి తొంగి చూశాను. క్యాషు కౌంటరు వెనక గోడ మీద నిత్య కాగితం అతికించి ఉంది. నాలుగు మూలలా పసుపు పూశారు. నటరాజ్ ఇచ్చిన నకలు అది. చంద్రావతి నన్ను చూసి లేచి నిలబడింది.

"పైనుంచి వచ్చినోళ్ళు పీకేయమన్నారన్నా. కొత్త బుక్కు వచ్చింది గదా, ఇంగ ఇది దేనికి అన్నారు. నేను పీకనియ్యలేదు," అంది. "ఆ పిల్ల పేరు ఆడ ఉన్నన్నాళ్ళు నన్నెవురూ దొంగ అనరు. చూడు, ఇంటిపేరుతో రాసింది."

తిరిగొచ్చేసరికి నిత్య షాపు దగ్గరే ఉంది. చెప్పాను. పసుపు సంగతి కూడా చెప్పాను. వింటూ వింటూ ఆమె స్టూలు మీద కూర్చుంది. కూర్చున్నట్టు ఆమెకు తెలియలేదు. నేనూ ఏమీ అనలేదు, అంటే లేచిపోతుందని భయం.

"ఇన్ని బుక్కులు రాసినాను బావా," అంది. "తప్పు చేసిన కాగితంలోనే నా పేరు పడాల్నా?" అని నవ్వింది. కళ్ళు తుడుచుకుంది. "నీ కంప్యూటర్లో ఉండాది గదా అది. ఒక కాపీ తీసియ్యి. ఇంట్లో పెట్టుకుంటాను."

మందం కాగితం పెట్టి తీశాను. సంతకం లేని కాగితమే, అయినా పెన్ను తీసి, టీము అన్న మాట కొట్టేసి, పక్కన తన పేరు రాసుకుంది. నిత్య నా దగ్గర ఒక్క పైసా బాకీ ఉంచే మనిషి కాదు, వద్దన్నా బల్ల మీద పెట్టి పోతుంది. అలవాటుగా పర్సు తెరిచింది, గోడ మీద క్యాలెండరు చూసింది, మళ్ళీ మూసేసింది.

"రేపిస్తాను బావా. ఈ దినం శుక్రవారం."

"సరే పాపా" అని నేను బిల్లు తెరిచి, 'డబ్బు వచ్చింది' అని నొక్కేశాను.